బాణీ ఎవరి జాగీరు? చెల్లి పాటను మళ్లీ లిస్టులో పెట్టండి

  

ఇది పొడుగు పోస్టు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చొని ఫోన్లో టైపు చేసినా, తప్పులుంటే సర్దుకోండి. కోపంలోనే రాస్తున్నా, అది దాచుకోను. కోపం మనుషుల మీద కాదు, ఆదివారం మనం చేసిన పని మీద. ఆ మీటింగులో నేనూ ఉన్నా, నోరు మూసుకొని కూర్చున్నా. కాబట్టి తిట్టు నాక్కూడా తగలాలి.

రానోళ్ల కోసం ముందు సంగతి చెప్తా. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవం ర్యాలీలో ఏమేం పాటలు పాడాలో తేల్చుకుందామని నంద్యాలలో కూర్చున్నాం. ఐదు పాటలు వచ్చినాయి. నాలుగు ఉంచి ఒకటి తీసేసినాం. తీసేసింది ఆళ్లగడ్డ దిక్కు తాండా నుంచి వచ్చే డిగ్రీ సెకండియర్ చెల్లి రాసిన పాట. పత్తి విత్తనాల చేన్లల్లో క్రాసింగ్ పనికి పోయే పిల్లల మీద రాసింది. సాయంత్రం మొగ్గలు గిల్లడం, పొద్దున్నే మగ పువ్వు తెచ్చి రుద్దడం, చెట్టు ఎత్తుకు సరిపోతారని చిన్న ఆడపిల్లల్నే పిలవడం, దసరా సెలవులైపోయినా బెంచీ ఖాళీగానే ఉండడం, ఇవన్నీ ఉన్నాయి దాంట్లో. ఆ చెల్లి ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆమే పోయింది ఆ పనికి. రాయడానికి ఎక్కడా వెతుక్కోలేదు.

పాట బాగలేదని ఒక్కరూ అనలేదు. మొదటి చరణానికే ఇద్దరు అక్కలు కళ్లు తుడుచుకున్నారు. అభ్యంతరమంతా బాణీ మీద. ఒక అన్న అన్నాడు, "అది పోయిన ఎలక్షన్లో ఆ పార్టీ ప్రచార బండి మీద మోగిన పాట, అది ఎత్తుకుంటే మనల్ని వాళ్ల మనుషులనుకుంటారు" అని. ఇంకో తమ్ముడు, "అసలు అది తెలంగాణ ఉద్యమం పాట, మన సీమను తిట్టినోళ్ల బాణీ మనకెందుకు" అన్నాడు. ఇక మూడో మాట ఒక పెద్దన్నది. "ఒకరి బాణీ తీసుకోవడం దొంగతనం. ఆదివాసీ ఆత్మగౌరవం అంటూ ఎరువు బాణీలో పాడితే నవ్విపోతారు" అన్నాడు. పెద్దన్న అంటే నాకు చాలా గౌరవం, నా స్కాలర్‌షిప్ కాగితాలు పట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. ఆ మాట మీద మాత్రం గౌరవం లేదు.

చెల్లి ఏమీ అనలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకొని ఆళ్లగడ్డ బస్సెక్కింది.

ఇప్పుడు నా సంగతి చెప్తా. 2013లో నేను ఎనిమిదో తరగతి, నంద్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటాండా. జూలై 30న ఢిల్లీలో తెలంగాణ ఇస్తామని ప్రకటన వచ్చింది. మన దిక్కంతా సమైక్యాంధ్ర. ఆగస్టు నడిమిట్ల ఎన్జీవోల సమ్మె మొదలై 66 రోజులు నడిచింది. బస్సుల్లేవు, బడుల్లేవు. హాస్టల్లో అన్నం ఉంది, పాఠం లేదు. రోజూ మమ్మల్ని వరసగా నిలబెట్టి దీక్షా శిబిరం దాకా నడిపించేటోళ్లు. మాకొక పాట నేర్పించినారు. బాణీ భలే ఉండె. మూడడుగులు ముందుకు, రెండడుగులు ఎనక్కి వేస్తూ చప్పట్లు కొడితే దానంతట అదే సాగిపోతాది. రాష్ట్రం ఒక్కటిగా ఉండాలె, అన్నదమ్ముల్ని విడదీయొద్దు అని మాటలు. నా గొంతు గట్టిది కాబట్టి నన్ను ముందు నిలబెట్టినారు. రోజూ రెండు అరటిపండ్లు ఎక్కువ దొరికేవి, అబద్ధమెందుకు.

సమ్మె ముగిసినాక దీపావళికి తాండాకు పోయినా. కృష్ణ అవతల అచ్చంపేట దిక్కు నుంచి మా మామ కొడుకు కూడా వచ్చినాడు. నల్లమలకు ఈ పక్క మేము, ఆ పక్క వాళ్లు, మధ్యలో అడివి, ఏరు. పెళ్లిళ్లకు, చావులకు రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి. వాడు ఫోన్ తీసి వాళ్ల కాలేజీలో జరిగిన ధూంధాం వీడియో చూపించినాడు. నాకు నోట మాట రాలేదు. అదే బాణీ! అదే చప్పట్లు, అదే మూడు ముందుకు రెండు ఎనక్కి. మాటలు మాత్రం తెలంగాణ రావాలె, మా నీళ్లు మాకియ్యాలె అని. నేను నా పాట పాడినా, వాడు వాడి పాట పాడినాడు. మొదట నవ్వుకున్నాం. తర్వాత "మా పాట మీరు కొట్టేసినారు" అంటే "మీరే కొట్టేసినారు" అని నిజంగానే కొట్టుకున్నాం. వాడి చొక్కా గుండీ ఊడింది.

పొయ్యి కాడ రొట్టెలు చేస్తున్న మా యాడి లేచొచ్చి ఇద్దరికీ చెరొకటి తగిలించి, "ఇది తీజ్ పాట కదరా" అనింది. అని పాడింది. అత్తగారింట్లో ఉన్న పిల్ల అన్నను పిలుస్తాది. బుట్టలో గోధుమ మొలకలు వాడిపోకముందే వచ్చి నన్ను పుట్టింటికి తీసుకపో అని. యాడికి వాళ్ల యాడి నేర్పించింది. ఆమెకు ఇంకెవరో. అచ్చంపేటలో పాడిన పిల్లలకూ తెలీదు, నంద్యాలలో నాకు నేర్పించిన సారుకూ తెలీదు, ఆ పాట ఎవరి బుట్టలో మొలిచిందో.

అందుకే తమ్ముడు "తెలంగాణ బాణీ" అన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. చెల్లి ఎత్తుకున్నది ఆ బాణీనే. ఎలక్షన్ బండి మీద మోగిందీ అదే. ఉద్యమం తీసుకుంది, ఎదురు ఉద్యమం తీసుకుంది, పార్టీ తీసుకుంది. చివరికి ఆ తాండా పిల్లే దాన్ని పాడబోతే ఇది ఎవరిదమ్మా అని మనమే అడిగినాం.

ఇది మనకొక్కళ్లకే జరిగిన వింత కాదు. బాణీలు సరిహద్దులు దాటడం, దాంట్లోనూ దేశభక్తి పాటల, యుద్ధం పాటల బాణీలు శత్రువు చేతిలోకి పోయి రావడం, లోకమంతా ఉన్నదే. పెద్దన్న "దొంగతనం" అన్నాడు కదా, ఆ లెక్కన చూస్తే దొంగలు కాని దేశాలు తక్కువ.

అమెరికా జాతీయగీతం సంగతి చూడండి. 1814లో ఇంగ్లీషోళ్ల ఓడలు బాల్టిమోర్ కోట మీద రాత్రంతా ఫిరంగులు పేలుస్తుంటే, తెల్లారేసరికి తమ జెండా ఇంకా ఎగురుతుండడం చూసి ఫ్రాన్సిస్ స్కాట్ కీ అనే లాయరు రాసింది అది. బాణీ మాత్రం లండన్లో ఒక పెద్దమనుషుల క్లబ్బు పాటది. ఎవడు ఫిరంగి పేల్చినాడో వాడి ఊరి బాణీలోనే వాడి మీద గెలిచిన పాట. అదే వాళ్లకు 1931లో అధికారికంగా జాతీయగీతమైంది. ఇంగ్లండు రాజు పాట బాణీ ఇంకా గమ్మత్తు. జర్మనీ చక్రవర్తిని పొగిడే పాటకు కూడా అదే బాణీ. 1914లో యుద్ధం మొదలైనప్పుడు ఆ పక్క, ఈ పక్క ఒకే రాగంలో తమ తమ రాజును కాపాడమని మొక్కుకున్నారు. దేవుడికి ఎవరి మొక్కు ఎవరిదో ఎట్ల తెలిసిందో మరి.

రెండో ప్రపంచ యుద్ధంలో "లిలీ మార్లీన్" అని ఒక పాట. లైటు స్తంభం కింద ఎదురుచూసే పిల్ల గురించి ఒక జర్మన్ సిపాయి పాడుకునే పాట. 1941లో జర్మనోళ్ల చేతిలో ఉన్న బెల్గ్రేడ్ రేడియో రోజూ రాత్రి వేసేది. ఆఫ్రికా ఎడారిలో జర్మన్లతో కొట్లాడుతున్న బ్రిటిష్ సిపాయిలు కూడా అదే స్టేషన్ పెట్టుకొని విని, అదే పాడుకున్నారు. తర్వాత ఇంగ్లీషులో మాటలు కట్టుకున్నారు.

ఇవన్నీ తెల్లోళ్ల కథలు అంటారేమో. సరే, మన దగ్గరికి వద్దాం. ఆజాద్ హింద్ ఫౌజులో "కదమ్ కదమ్ బఢాయే జా"కు బాణీ కట్టింది రామ్ సింగ్ ఠాకూరి అనే గోర్ఖా సిపాయి. ఆయన మొదట బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలోనే ఉన్నాడు. జపానోళ్లకు దొరికి, తర్వాత నేతాజీ ఫౌజులో చేరినాడు. బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ మీదికి నడవడానికి కట్టిన పాట అది. ఈరోజు ఆ ఆర్మీకి వారసురాలైన మన భారత సైన్యమే ఆ బాణీకి కవాతు చేస్తాది. దాన్ని శత్రువు పాట అని ఎవరైనా తీసేసినారా? "సారే జహాఁ సే అచ్ఛా" రాసిన ఇక్బాల్ దాన్ని 1904లో రాసి, కొన్నేళ్లకు అదే ఛందస్సులో ముస్లింలకు లోకం మొత్తం తమ దేశమే అని ఇంకో పాట రాసినాడు. పాకిస్తాన్ ఆయన్ను తమ జాతీయ కవి అంటది. మన బ్యాండు ఆయన పాటకు మార్చింగ్ చేస్తాది. జనగణమననే తీసుకోండి. 1919లో ఠాగూర్ మన సీమలోని మదనపల్లెకు వచ్చినప్పుడు, అక్కడి కాలేజీలో మార్గరెట్ కజిన్స్ అనే ఐర్లండు ఆమెతో కూర్చొని ఆ బాణీకి స్వరాలు కాగితం మీద పెట్టినారు. స్వతంత్రం అడిగే దేశం పాటకు స్వరాలు రాసుకున్న చెయ్యి పరాయి దేశంలో పుట్టింది. అందుకని ఆ పాట మనది కాకుండా పోయిందా?

బుర్రకథ సంగతి మీకందరికీ తెలుసు. జంగాలు ఊరూరా తిరిగి తంబురా, గుమ్మెటలతో అడుక్కుంటూ చెప్పిన కథ. 1940లల్లో కమ్యూనిస్టులు ప్రజానాట్యమండలిలో దాన్ని పట్టుకున్నారు. షేక్ నాజర్ బెంగాల్ కరువు, అల్లూరి కథ చెప్తుంటే జనం తిరణాలలాగా వచ్చేవాళ్లు. తర్వాత సర్కారు కూడా అదే బుర్రకథలో కుటుంబ నియంత్రణ చెప్పించింది. సర్కారును ఏ గుమ్మెటతో తిట్టినారో, ఆ గుమ్మెటతోనే సర్కారు పథకాలు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ కూడా ఇచ్చినారు. గుమ్మెట ఎవరి చేతికి పోయినా "నేను వాయించను" అని అలగలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. బాణీకి మచ్చ అంటదు అని నేను అనడం లేదు. అంటుతాది. జర్మనీలో నాజీలు కమ్యూనిస్టుల పాటలు చాలా ఎత్తుకున్నారు. పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఒక కమ్యూనిస్టు బూరగాడి మీద కట్టిన పాటను పేరు మార్చి తమ చచ్చిపోయిన హోర్స్ట్ వెసెల్ కోసం పాడుకున్నారు. ఆ హోర్స్ట్ వెసెల్ తాను రాసిన పాట తర్వాత నాజీ పార్టీ గీతమైంది. దాని మాటలే కాదు, బాణీ కూడా జర్మనీలో ఈరోజుకీ నిషేధం. లక్షల మందిని చంపుతూ పాడిన బాణీని ఇప్పుడు ఎవరో ఈలేస్తే, ఆ చచ్చినోళ్ల పిల్లలకు ఎట్ల ఉంటాదో నేనూ ఊహించుకోగలను. అట్లాంటి మచ్చ ఉన్న బాణీని తీసేద్దామంటే నేనే ముందు చెయ్యెత్తుతా. మన తీజ్ పాటకు అంటింది అట్లాంటి మచ్చనా? ఒక పార్టీ ఇరవై రోజులు జీపు మీద పెట్టి తిప్పింది, అంతే. ఇరవై రోజుల అద్దెకు ఇల్లు రాసిచ్చేస్తామా?

ఆ పార్టీ జీపు గురించి నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆ జీపు ఎనకాల నడిచినోళ్లలో నేనొకణ్ణి. ఏ ఎలక్షనో, ఏ పార్టీనో చెప్పను, చెప్తే ఈ పోస్టు కింద వేరే కొట్లాట మొదలైతాది. మా అక్కవాళ్లు ఆరుగురు అద్దాల లంగాలు, గాజులు వేసుకొని ముందు ఆడాలె, నేను నగారా కొట్టాలె. పొద్దున ఒక పార్టీ. మనిషికి మూడొందలు, ఒక బిర్యానీ పొట్లం. మధ్యాహ్నం మూడింటికి ఇంకో పార్టీ మనిషి వచ్చి, "సాయంత్రం మా దాంట్లో కూడా ఆడండి, నాలుగొందలు" అన్నాడు. కండువా మార్చుకున్నాం. బాణీ అదే, పాటలో నాయకుడి పేరు ఒక్కటే మారింది. పొద్దున పేరులో నాలుగక్షరాలు, సాయంత్రం పేరులో ఐదు. ఆ ఐదో అక్షరం తాళంలో ఇరుక్కోక మా అక్క ప్రతిసారీ నవ్వేది. మైకు పట్టుకున్నాయన మమ్మల్ని చూపించి "గిరిజన సోదరీమణులు మనవైపే ఉన్నారు" అని రెండు చోట్లా అన్నాడు. ఆయన కూడా పొద్దున అక్కడ, సాయంత్రం ఇక్కడ, పాపం ఆయనదీ కూలే.

ఆ రోజు నన్ను నొప్పించింది ఏందంటే బాణీ అటూ ఇటూ పోవడం కాదు. రెండు పూటల్లో ఒక్కసారైనా ఆ పాటలో మా తాండా సంగతి ఒక్క ముక్క లేదు. మా రోడ్డు లేదు, మా నీళ్లు లేవు, క్రాసింగ్ కాడ ఎండలో నిలబడ్డ మా పిల్లల్లేరు. బాణీ మాది, కాళ్లు మావి, నగారా మాది, మాటలు మాత్రం వాళ్లవి. ఇప్పుడు మొదటిసారి ఒక పిల్ల అదే బాణీలో మన మాటలు పెట్టుకొచ్చింది. మనం దాన్ని తీసేసినాం.

ఈ రెండు పక్కల వ్యాపారం మన జాతికి కొత్తది కాదు కూడా. బంజారాలు ఎడ్ల మీద ధాన్యం మోసిన కాలంలో మొఘలులకూ మోసినారు, దక్కన్ సుల్తానులకూ మోసినారు. 1791-92లో టిప్పు మీదికి పోయిన కంపెనీ సైన్యం కడుపు నిండింది మనోళ్ల ఎడ్ల బారులతోనే. బంజారా బిడారును లూటీ చేస్తే రేపు తనకే గింజ దొరకదని ఏ సైన్యాధిపతికైనా తెలుసు. ఎడ్లు ఎవరి గుడారానికి పోయినా ఎడ్లు మనవే. పాట అంతకన్నా మేలు, గింజ తింటే అయిపోతాది, పాట ఒకడికిచ్చినా మన దగ్గర తగ్గదు.

ఇంకొక కథ చెప్పాలె, ఇది నాకు చాలా ఇష్టమైనది. అమెరికా అంతర్యుద్ధంలో బానిసలు కావాలనే దక్షిణం వాళ్లకు "డిక్సీ" అనే పాట దాదాపు జాతీయగీతం. రాసింది 1859లో ఉత్తరం మనిషి డాన్ ఎమ్మెట్, న్యూయార్కులో, మొహానికి మసి పూసుకొని నల్లోళ్లను ఎక్కిరించే నాటకాల కోసం. 1865 ఏప్రిల్లో దక్షిణం సేనాపతి లొంగిపోయిన మరుసటి రోజు లింకన్ ఇంటి ముందు జనం చేరితే, ఆయన బ్యాండోళ్లను డిక్సీ వాయించమన్నాడు. నిన్నటి యుద్ధంలో ఆ పాటను కూడా గెలుచుకున్నాం, అది ఇప్పుడు మన ఆస్తే అని నవ్వుతూ చెప్పినాడు. తీసేయమనలేదు చూడండి, వాయించమన్నాడు.

కథ అంతటితో అయిపోలేదు. ఒహాయోలో ఎమ్మెట్ సొంతూరి దగ్గరే స్నోడెన్ అని ఒక నల్లజాతి సంగీతకారుల కుటుంబం ఉండేది. ఆ అన్నదమ్ముల సమాధి రాయి మీద, ఎమ్మెట్‌కు డిక్సీ నేర్పింది వీళ్లే అని చెక్కించినారు. అది నిజమా కాదా అని పండితులు ఇప్పటికీ తగువులాడుతున్నారు. నాకు మాత్రం ఆ రాయి మాట నమ్మబుద్ధి అయితాది. ఉత్తరం, దక్షిణం రెండూ ఆ పాట నాదంటే నాదని కొట్టుకున్నాయి. ఎక్కిరించబడినోళ్ల పేరు సమాధి రాయి మీద తప్ప ఎక్కడా లేదు. మన యాడీల పేర్లు రాయి మీద కూడా లేవు.

పెద్దన్నా, నువ్వన్న "ఎరువు బాణీ" మాటకు ఒక జవాబుంది. వందేళ్ల కిందట అమెరికాలో కూలోళ్ల సంఘం వాళ్లు వీధి మూలల్లో మీటింగులు పెట్టేటోళ్లు. అదే మూలకు సాల్వేషన్ ఆర్మీ బ్యాండు వచ్చి వీళ్ల గొంతు వినపడకుండా భక్తి పాటలు గట్టిగా వాయించేది. (ఈ సాల్వేషన్ ఆర్మీ మనకు కొత్త కాదు. మన ఎరుకలోళ్లను పుట్టు నేరస్తులని ముద్రేసి స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టినప్పుడు దాన్ని నడపమని తెల్ల సర్కారు అప్పజెప్పింది వాళ్లకే.) కూలోళ్లు ఏం చేసినారు? ఆ బ్యాండు వాయించే భక్తి బాణీలకే సొంత మాటలు కట్టుకున్నారు. బ్యాండు ఎంత గట్టిగా వాయిస్తే వీళ్ల పాటకు అంత మంచి వాద్యం, అదీ ఊరికే! జో హిల్ అనే కూలీ కట్టిన అట్లాంటి పాట ఒకటి 1911 నుంచి ఈరోజు దాకా పాడుతున్నారు. ఇక ఎలక్షన్ బండి మన బాణీని ఊరూరా మోగించి, ప్రతి గల్లీలో ప్రతి పిల్లోడి నోటికి ఎక్కించి పెట్టింది. చెల్లి పాట మొదటి లైను ఎత్తుకోగానే ర్యాలీలో రెండో లైను కోసం అందరూ చెవులు రిక్కిస్తారు. నాయకుడి పేరు రావాల్సిన చోట క్రాసింగ్‌కు పోయిన పిల్ల పేరు వస్తాది. అది ఎంత గట్టిగా తగులుతాదో ఆలోచించండి. కొత్త బాణీ కడితే ఈ దెబ్బ ఉండదు.

"వాళ్ల మనుషులనుకుంటారు" అన్న అన్నకు కూడా ఒక మాట. అనుకోనీ. పాట మొదటి చరణం అయ్యేదాకా అనుకుంటారు. రెండో చరణంలో విత్తనాల ఆర్గనైజర్ల సంగతి వచ్చినాక ఏ పార్టీ వాడైనా మనల్ని తన మనిషి అనుకుంటాడా? ఆర్గనైజర్లు ఏ పార్టీలో లేరు చెప్పు.

ఆగస్టు తొమ్మిది నాటికి చేన్లల్లో క్రాసింగ్ పని ఊపందుకుంటాది. మనం నంద్యాల రోడ్డు మీద జెండాలు పట్టుకొని నడిచే పొద్దుకు మన చెల్లెళ్లు కొంతమంది ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ దిక్కు చేన్లల్లో పూలు రుద్దుతుంటారు. వాళ్లు పని చేస్తూ ఏం పాడుకుంటారో అడగండి. నేను అడిగినా. ఎలక్షన్ పాటే పాడుకుంటున్నారు, నాయకుడి పేరుతో సహా. వేరే మాటలు వాళ్లకెవరూ ఇయ్యలేదు కాబట్టి. మనం చెల్లి పాటను లిస్టులోంచి తీసేస్తే ఈ సీజనంతా వాళ్ల నోట్లో ఆయన పేరే ఉంటాది.

ఇంకొక సంగతి కూడా చెప్పి ముగిస్తా. మన గ్రూపులో చెంచులున్నారు, సుగాలీలున్నారు, ఎరుకలోళ్లున్నారు, యానాదులున్నారు. నల్లమల గూడెంలో పాడే పాటను తాండా పిల్ల పాడొద్దు, తాండా బాణీని ఎరుకల తమ్ముడు ముట్టొద్దు అని రేపు ఇంకొకరు లేస్తారు. చెల్లి పాటను తీసినప్పుడు ఆ దారి మనమే తెరిచినాం. అహోబిలం పోతే చెంచు లక్ష్మి మా ఆడబిడ్డ, నరసింహస్వామి మా అల్లుడు అని చెంచు అన్న గర్వంగా చెప్పుకుంటాడు. దేవుణ్ణే అల్లుణ్ణి చేసుకున్నోళ్లం, బాణీకి కులం సర్టిఫికెట్ అడుగుతున్నాం.

నా డిమాండు చిన్నది. వచ్చే ఆదివారం దాకా ఆగకుండా, కమిటీ అన్నలు ఈ రెండు రోజుల్లోనే ఫోన్ల మీద మాట్లాడుకొని పాటను తిరిగి లిస్టులో పెట్టాలె. పాడే ముందు మైకులో "ఇది మా యాడీల తీజ్ పాట బాణీ" అని ఒక్క ముక్క చెప్పాలె. అందరూ తీసుకున్నారు, ఎవరూ చెప్పలేదు. మనమైనా చెప్దాం. పెద్దన్నే చెప్తే ఇంకా బాగుంటాది.

చెల్లికి నేను ఫోన్ చేసినా. మొదట ఎత్తలేదు, రెండోసారి వాళ్ల అమ్మ ఎత్తింది. "పాట ఎందుకు తీసేసినారు, ఏమన్నా తప్పు రాసిందా మా పాప" అని అడిగింది. ఏం చెప్పాలో తెలీక, "లేదమ్మా, తాళం కొంచెం సర్దాలె, శనివారం ప్రాక్టీసుకు పంపు" అని అబద్ధం చెప్పినా. శనివారం నాలుగు గంటలకు. నగారా నేను తెస్తా. మా అక్క కూడా వస్తానంది, ఈసారి ఏ అక్షరమూ తాళంలో ఇరుక్కోదంట.